గోల చేసిన డిస్కు బాగానే ఉంది, కిక్కురుమనని డిస్కే పోతోంది

ఆదివారం పొద్దున్నే బావగారి ఫోన్.

"ఏమయ్యా, సర్వర్లో మూడో డిస్కు పోయేలా ఉంది. పద్నాలుగొందల ఎర్రర్లు దాటాయి. కొత్త డిస్కు తెప్పిస్తున్నా, రేపు వస్తుంది. పాతది లాగేసి అది పెట్టేస్తే సరిపోతుంది కదా?"

"ఏ ఎర్రర్లు బావగారూ? పేరేమని ఉంది?"

"సీఆర్‌సీ అని ఏదో ఉందయ్యా."

"అయితే దేన్నీ ముట్టుకోకండి. సాయంత్రం వస్తా."

ఆ రోజు ఆయన తొందరపడి ఆ డిస్కు లాగేసి ఉంటే ఏమయ్యేదో తర్వాత లెక్కేసుకున్నప్పుడు నాకే కాస్త వణుకొచ్చింది. అందుకే ఈ కేసు మొత్తం రాసిపెడుతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, అదీ చెబుతాను.

ముందు సర్వర్ సంగతి. నాలుగేళ్ల కిందట నేనే పెట్టి ఇచ్చాను. 4 టీబీ డిస్కులు నాలుగు, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం మీద అన్నీ కలిపి ఒకే నిల్వగా (పూల్) వాడే రెయిడ్-జెడ్1 ఏర్పాటు. అంటే నాలుగింటిలో ఏదో ఒకటి పూర్తిగా పోయినా డేటా నిలుస్తుంది. ఒకటి లేని సమయంలో ఇంకోటి ఎక్కడైనా చదవలేనంటే మాత్రం, అక్కడున్న ఫైలు ఇక దొరకదు. రెండేళ్ల కిందట ఒక డిస్కు చచ్చిపోతే, చేతికి అందిన మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఒకటి తెచ్చి ఆ స్థానంలో పెట్టాను. మిగతా మూడూ మొదట్నుంచీ ఉన్న నాస్ డిస్కులు, అంటే ఇలాంటి సర్వర్ల కోసమే చేసినవి. ఇంట్లో ఇరవై ఏళ్ల ఫొటోలు, వీడియోలు అన్నీ దీంట్లోనే ఉన్నాయి. బయటి డిస్కులోకి బ్యాకప్ తీసి పద్నాలుగు నెలలైంది.

వెళ్లగానే నేను చేసింది ఒక్కటే: నాలుగు డిస్కుల స్మార్ట్ రీడింగులూ, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. కంప్లయింట్ ఒక డిస్కు మీదే వచ్చినా నాలుగూ చూడాలి. ఈ పని ఆఫీసులో రోజూ చేస్తాను కాబట్టి అలవాటు, అంతకుమించి తెలివేం లేదు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ ఇస్తే మొట్టమొదట ఒక లైను వస్తుంది, ఓవరాల్ హెల్త్ అని. నాలుగింటికీ అక్కడ "పాస్‌డ్" అనే ఉంది. ఆ లైనుకు నేను ఇచ్చే విలువ దాదాపు సున్నా. ప్రతి రీడింగుకూ కంపెనీ ఒక హద్దు పెట్టుకుంటుంది. కీలకమైన వాటిలో ఏదైనా ఆ హద్దు దిగజారితేనే అక్కడ "ఫెయిల్డ్" అని వస్తుంది. ఆ హద్దులు ఎంత ఉదారంగా ఉంటాయంటే, డిస్కు మంచాన పడ్డాక కూడా పాస్ మార్కులు వేస్తూనే ఉంటాయి. చూడాల్సింది కుడివైపు చివర ఉండే రా వాల్యూ కాలమ్.

డిస్కులకు లినక్స్ వరసగా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ అని పేర్లు పెడుతుంది. బావగారు చెప్పిన మూడోది, ఎస్‌డీసీ డిస్కులో 199వ రీడింగు, అంటే యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, 1,482. మిగతావి చూస్తే రీఎలోకేటెడ్ సెక్టార్లు (పాడైతే బదులుగా స్పేర్‌వి వాడిన చిన్న గడులు) సున్నా, పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉన్నవి) సున్నా, తిరిగిన గంటలు 33 వేల చిల్లర. ఈ 199 అనేది డిస్కు పళ్లెం మీద పుట్టే ఎర్రర్ కాదు. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య వైరులో డేటా వెళ్తుండగా చెడిపోతే, సరిచూసుకునే అంకె కలవక ఈ లెక్క ఒకటి పెరుగుతుంది. అలా చెడిన ముక్కని మళ్లీ పంపించుకుంటారు, కాబట్టి ఫైలుకు సాధారణంగా ఏమీ కాదు. పదింట తొమ్మిదిసార్లు దోషం కేబుల్‌దో, కనెక్టర్‌దో.

కెర్నల్ లాగ్, అంటే లినక్స్ తనలో జరిగేవి రాసుకునే చిట్టా, కూడా అదే చెప్పింది. మూడో పోర్టు దగ్గర లింక్ రీసెట్, మళ్లీ రీసెట్, కాసేపటికి 6 గిగాబిట్ల లింకు కాస్తా 3కి తగ్గిపోయింది. ఈ గోల మొదలైన తేదీ చూసి అడిగాను: "బావగారూ, నెల కిందట దీన్ని విప్పారా?"

"విప్పానయ్యా. డిస్కులు వేడెక్కుతున్నాయని ఇంకో ఫ్యాను బిగించా."

వేడి 41 డిగ్రీల నుంచి 36కి దిగింది, నిజమే. 41 కూడా ఆ డిస్కులకు ఇబ్బంది పెట్టే వేడి కాదు. 2007లో గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలనలో కూడా, వేడికీ డిస్కులు పోవడానికీ జనం అనుకునేంత సంబంధం కనపడలేదు. మరీ ఎక్కువ వేడిలోనూ, వయసు మీరిన డిస్కుల్లోనూ తప్ప. కానీ ఆ ఫ్యాను కోసం చోటు చేస్తూ ఈయన మూడో డిస్కు కేబుల్‌ను ఫ్రేము అంచుకు నొక్కి మడిచేశారు. క్లిప్పు కూడా లేని పలచటి కేబుల్. వేలితో తాకితే చాలు, కనెక్టర్ డిస్కు వెనకాల అటూ ఇటూ ఊగుతోంది.

ఇంతవరకూ అయితే కేబుల్ మార్చి టీ తాగి ఇంటికొచ్చేసేవాణ్ణి. కానీ పక్కన ఎస్‌డీబీ రీడింగులున్నాయి.

రెండేళ్ల కిందట నేను పెట్టిన డెస్క్‌టాప్ డిస్కు ఇదే. తిరిగిన గంటలు 15,600. రీఎలోకేటెడ్ సున్నా. 187, అంటే సరిచేయలేక చేతులెత్తేసిన ఎర్రర్లు, 3. 197, కరెంట్ పెండింగ్ సెక్టార్లు, 24. 198 కూడా 24. సెల్ఫ్ టెస్టుల లాగ్ ఖాళీ. ఈ డిస్కు పుట్టాక ఒక్క టెస్టు కూడా జరగలేదు.

పెండింగ్ అంటే, "ఈ సెక్టార్ చదవబోతే నాకు చేతకాలేదు, ఏం చేయాలో తేల్చుకోలేదు" అని డిస్కు పక్కన రాసిపెట్టుకున్న పద్దు. సాధారణంగా ఆ సెక్టార్ మీద మళ్లీ ఏదైనా రాసినప్పుడే అది తేలుతుంది. రాత సరిగ్గా పడితే పద్దు కొట్టేస్తుంది, పడకపోతే స్పేర్‌లోంచి ఇంకో సెక్టార్ కేటాయించి రీఎలోకేటెడ్ లెక్కలో కలుపుతుంది. 24 అన్న అంకె చూసి ఇరవై నాలుగు చోట్ల పాడైందనుకోనక్కర్లేదు. లోపల సెక్టార్ 4 కేబీ అయినా, బయటికి 512 బైట్ల ముక్కలుగా కనిపించే డిస్కులివి. కొన్ని మోడల్స్ ఆ చిన్న ముక్కల్లోనే లెక్క చెబుతాయి, అందుకే అంకె ఎనిమిదేసి చొప్పున కదులుతుంది. ఇక్కడ 24 అంటే మూడు సెక్టార్లు.

మూడే కదా అనిపిస్తుంది. గూగుల్ పరిశీలనలోనే ఇంకో లెక్కుంది: ఇలాంటి అనుమానపు సెక్టార్ మొదటిది కనపడ్డ డిస్కు, కనపడని డిస్కుతో పోలిస్తే, ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 16 రెట్లు ఎక్కువ. మొదటి రీఎలోకేషన్ తర్వాతైతే 14 రెట్లు. అంకె ఎంతన్నది తర్వాతి మాట, సున్నా దాటిందా లేదా అన్నదే ముందు చూడాలి.

ఇప్పుడు బావగారి ప్లాను ఒకసారి ఊహించండి. నిక్షేపంలా ఉన్న ఎస్‌డీసీని లాగేసి కొత్తది పెడితే, దాన్ని నింపడానికి మిగతా మూడు డిస్కులూ డేటా ఉన్న ప్రతి సెక్టారూ తప్పకుండా చదివి ఇవ్వాలి. ఎస్‌డీబీ కనీసం మూడు చోట్ల చదవలేదు, రాత్రంతా దాన్ని పరిగెత్తిస్తే ఇంకెన్ని చోట్ల ఆగిపోతుందో. ఆదుకోవడానికి ప్యారిటీ, అంటే పోయిన ముక్కను మళ్లీ తయారుచేసుకోవడానికి అదనంగా దాచే లెక్క, ఉండదు. జెడ్‌ఎఫ్‌ఎస్ నిజాయితీగా పోయిన ఫైళ్ల పేర్లు చూపిస్తుంది, అంతే.

మరి ఎస్‌డీబీ గురించి మెయిల్ ఎందుకు రాలేదు? ఇక్కడే నా తప్పు. డిస్కుల్ని కనిపెట్టుకుని ఉండే స్మార్ట్‌డీ ప్రోగ్రాముకు నాలుగు డిస్కుల పేర్లూ నేను చేత్తో రాసిచ్చాను. రెండేళ్ల కిందట పాత డిస్కు పోయినప్పుడు దాని లైను తీసేశాను, కొత్తదానికి లైను రాయడం మరిచిపోయాను. ఈ డిస్కును రెండేళ్లుగా అడిగిన నాథుడే లేడు.

సరే, నెలకోసారి స్క్రబ్ జరుగుతుందిగా, పూల్ మొత్తం చదివి చెక్‌సమ్‌లు సరిచూస్తుంది, అదైనా పట్టుకోవాలి కదా? పూల్ స్టేటస్ చూస్తే చివరి స్క్రబ్ ఎనిమిది నెలల కిందటిది. ఈ సర్వర్‌లో ఉన్న డెబియన్ లినక్స్‌లో అది నెలలో రెండో ఆదివారం అర్ధరాత్రి దాటాక మొదలయ్యేలా వస్తుంది. బావగారేమో కరెంటు ఆదా అని ఎనిమిది నెలల్నుంచి రాత్రి పడుకునేముందు సర్వర్ ఆపేస్తున్నారు.

అసలైన హెచ్చరిక మా అక్క నోట వచ్చింది. నేను స్క్రీన్ ముందు కూర్చుని ఉంటే వెనకనుంచి, "నెల రోజులుగా వీడియోలు పెడితే మధ్యలో అర నిమిషం బిగుసుకుపోయి మళ్లీ ఆడుతున్నాయిరా. వైఫై అనుకున్నాం" అంది. వైఫై కాదు. నాస్ డిస్కులు చదవలేని సెక్టార్ దగ్గర సాధారణంగా ఏడు సెకన్లు ప్రయత్నించి, రాలేదని చెప్పేస్తాయి, ప్యారిటీ నుంచి డేటా వచ్చేస్తుంది. ఆ గడువును ఈఆర్‌సీ అంటారు. ఈ డెస్క్‌టాప్ డిస్కుకు ఆ సదుపాయమే లేదు. అది పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. లినక్స్ 30 సెకన్లు ఓపిక పట్టి, లాభం లేదని లింకునే రీసెట్ చేస్తుంది. అక్క చెప్పిన అర నిమిషం అదే. లాగ్ తీసి చూస్తే మూడో పోర్టు రొద మధ్యలో రెండో పోర్టు రీసెట్లు కూడా ఉన్నాయి, ఎవరూ చూడలేదు. వెంటనే ఆ డిస్కుకు కెర్నల్ గడువు 180 సెకన్లకు పెంచాను. జబ్బు నయం కాదు కానీ, చదువుతున్న డిస్కును మధ్యలో తన్నకుండా ఉంటుంది.

ఇక ఏది ముందు, ఏది వెనక? ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. బ్యాకప్ ముందు తీయాలా, కేబుల్ ముందు మార్చాలా? డేటాయే ముఖ్యం కాబట్టి బ్యాకప్ అనేవాళ్లుంటారు, అందులో తప్పు లేదు. మామూలుగా నేనూ అదే అంటాను, ఎందుకంటే పాత డిస్కును ఆపితే మళ్లీ తిరగకపోవచ్చు. కానీ ఈ డిస్కులు ఎనిమిది నెలలుగా రోజూ ఆగి తిరుగుతున్నాయి, ఇంకోసారి ఆపితే కొత్తగా వచ్చే ప్రమాదం లేదు. అదే కేబుల్‌తో మూడు గంటలు కాపీ చేస్తే, ఎస్‌డీసీ మధ్యలో పూల్ నుంచి జారిపోయి, అదే సమయానికి ఎస్‌డీబీ మొరాయించవచ్చు. కేబుల్‌కే ఓటేశాను.

క్లిప్పున్న కొత్త కేబుల్ వేసి, బయటి డిస్కు తగిలించి ఆన్ చేశాను. బ్యాకప్‌లో లేని 1.1 టీబీ కాపీ అవడానికి మూడు గంటల పైన పట్టింది. అయిపోయాక 199 చూశాను. 1,482. ఒక్కటి కూడా పెరగలేదు. ఈ అంకె మామూలుగా తగ్గదు, మనం సున్నా చేయలేం. పెరుగుతోందా లేదా అన్నదొక్కటే చూడాలి. ఎస్‌డీసీ కథ అక్కడితో ముగిసింది.

"ఇవాళ మాత్రం సర్వర్ ఆపకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పి స్క్రబ్ పెట్టి వచ్చాను. పొద్దున చూస్తే ఆరుగంటల యాభై నిమిషాల్లో పూర్తి, 88 కేబీ రిపేర్ అయింది, ఎర్రర్లు సున్నా. చెడ్డ డిస్కు వరసలో రీడ్ కింద 2 ఉంది. రీడింగులు కూడా మారాయి: పెండింగ్ 24 నుంచి 8కి తగ్గింది, రీఎలోకేటెడ్ సున్నా నుంచి 16 అయింది. చదవలేని రెండు చోట్లకూ జెడ్‌ఎఫ్‌ఎస్ ప్యారిటీతో డేటా మళ్లీ తయారుచేసి అక్కడే రాసింది, డిస్కు వాటికి స్పేర్ సెక్టార్లిచ్చింది.

"అయితే బాగైపోయిందిగా! కొత్త డిస్కు వెనక్కి పంపించేయనా?" అన్నారు బావగారు.

"ఒక్క పూట ఆగండి" అని లాంగ్ టెస్ట్ మొదలుపెట్టాను. 490 నిమిషాలు పడుతుందని డిస్కే చెబుతుంది. మూడు గంటలు కూడా కాకముందే ఆగిపోయింది: రీడ్ ఫెయిల్యూర్, మిగిలింది 60 శాతం, మొదటి ఎర్రర్ దొరికిన చోటు 3214587904. స్క్రబ్ దీన్ని ఎందుకు చూడలేదంటే, అది డేటా ఉన్న జాగానే చదువుతుంది. ఇది ఖాళీ జాగా. రేపు కొత్త ఫొటోలు అక్కడికే వెళ్లొచ్చు. లాంగ్ టెస్ట్ మాత్రం ఉన్నదీ లేనిదీ చూడకుండా డిస్కు ఈ కొస నుంచి ఆ కొస దాకా చదువుతుంది. ఇంకో సంగతి, అది మొదటి దెబ్బకే ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని ఉన్నాయో చెప్పదు. స్క్రబ్ బాగుంటే చాలనుకునేవాళ్లూ, లాంగ్ టెస్ట్ ఉంటే స్క్రబ్ ఎందుకనేవాళ్లూ నాకు తరచూ తగులుతుంటారు. రెండూ చూసేవి వేరు.

కొత్త డిస్కు మధ్యాహ్నం వచ్చింది. ముందు మోడల్ నంబరు కంపెనీ పత్రంలో వెతికి, అది సీఎమ్‌ఆర్, అంటే ట్రాకులు విడివిడిగా రాసే రకం, అని నిర్ధారించుకున్నాను. పలకల్లా ఒకదాని మీద ఒకటి ట్రాకులు పేర్చి రాసే ఎస్‌ఎమ్‌ఆర్ రకమైతే, రీబిల్డ్, అంటే కొత్త డిస్కును నింపడం, రోజుల తరబడి సాగవచ్చు. నాస్ డిస్కు అని డబ్బా మీద రాసున్నా చూడాల్సిందే. 2020లో అలా రాసి అమ్మిన కొన్నిటిలో ఎస్‌ఎమ్‌ఆర్ ఉందని బయటపడింది.

కొత్త డిస్కును ఉతికి ఆరేయకుండా పూల్‌లో పెట్టను. బ్యాడ్‌బ్లాక్స్ ప్రోగ్రాముతో నాలుగు రకాల నమూనాలు డిస్కంతా రాసి, తిరిగి చదివించడం నా పద్ధతి. 4 టీబీకి అది రెండున్నర రోజుల పని. ఇక్కడ అంత టైముందా? చెడ్డ డిస్కు పెండింగ్ అంకెను గంటగంటకీ ఒక ఫైల్లో రాసేలా పెట్టాను. 8, 8, 8, 16, అలాగే సాయంత్రం దాకా 16. రాత్రికి 32. ఎవరూ ఏమీ చేయకుండానే పెరుగుతోంది. దాంతో నాలుగు నమూనాలు మానేసి, సున్నాలతో ఒక్క విడత రాసి చదివించాను. పదహారు గంటలు. ఆ తర్వాత కొత్తదాని మీదా లాంగ్ టెస్ట్. తేడా లేదు, అన్నీ సున్నాలే.

మార్చేటప్పుడు పాతదాన్ని తీయలేదు. బోర్డు మీద పోర్టులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి కొత్తది ఐదోదిగా తగిలించి, దీని స్థానంలో అది అని జెడ్‌పూల్ రీప్లేస్ ఇచ్చాను. పోర్టు ఖాళీ ఉంటే ఎప్పుడూ ఇలాగే చేయాలి. పాత డిస్కు చెడినా, తిరుగుతున్నంతవరకూ చాలా భాగం చదవగలదు. అది చదవలేని చోట మాత్రమే ప్యారిటీ ఆదుకుంటుంది, పూల్ ఒక్క క్షణం కూడా ఆసరా లేకుండా ఉండదు. తొమ్మిది గంటల్లో అయిపోయింది. మధ్యలో చెడ్డ డిస్కు ఐదుసార్లు చదవలేనంది. పోయిన ఫైళ్లు సున్నా.

ఇంత జాగ్రత్తపడ్డాక చివర్లో కొద్దిలో తప్పింది. నేను ఆఫీసులో ఉండగా బావగారి ఫోన్: "పాత డిస్కు తీసేయొచ్చన్నావుగా. స్క్రీన్ మీద ఎస్‌డీసీ అని చూపిస్తోంది. సర్వర్ ఆపేశా, ఎస్‌డీసీ స్టిక్కర్ ఉన్న ట్రే లాగేస్తున్నా."

"ఆగండాగండి! చెయ్యి తీసేయండి!"

బయటి డిస్కు తగిలించి సర్వర్ ఆన్ చేశాం కదా. ఆ బూట్‌లో ఎస్‌డీఏ పేరు దానికి పోయి, లోపలివన్నీ ఒక్కో అక్షరం వెనక్కి జరిగాయి. నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ్టి ఎస్‌డీసీ. స్టిక్కర్లు మాత్రం నాలుగేళ్ల కిందట నేను అంటించినవి. ఆయన చెయ్యి వేసింది కేబుల్ మార్చిన మంచి డిస్కు మీద. ఆపేసిన మెషీన్ కాబట్టి తిరిగి పెట్టేస్తే సరిపోయేదేమో కానీ, ఆయన చెడ్డదనుకుని దాన్ని పారేస్తే? డిస్కు మీద ముద్రించిన సీరియల్ నంబరులో చివరి నాలుగక్షరాలు ఫోన్లో చదివించుకుని, నా దగ్గరున్న లిస్టుతో పోల్చి, అప్పుడు లాగమన్నాను. ఆ సాయంత్రమే పాత స్టిక్కర్లు గీకేసి సీరియల్ నంబర్లు అంటించాను. అక్షరాల స్టిక్కర్లు పెట్టడం కూడా నా నిర్వాకమే, కాబట్టి తప్పు ఒకటి కాదు, రెండు.

ఇప్పుడు స్మార్ట్‌డీకి పేర్లు రాసివ్వలేదు, దొరికిన డిస్కులన్నిటినీ అదే వెతుక్కునేలా డివైస్‌స్కాన్ పెట్టాను. ఎవరు ఏ డిస్కు మార్చినా తప్పించుకోదు. లాంగ్ టెస్టులు నెలకోసారి, ఒక్కో శనివారం ఒక్కో డిస్కుకు, పొద్దున పదింటికి మొదలై సర్వర్ ఆపేలోగా అయిపోయేలా. మధ్యలో ఆపేస్తే టెస్టు సగంలో తెగిపోతుంది మరి. స్క్రబ్ కూడా పగటికి మార్చాను. మెయిల్ నిజంగా చేరుతోందో లేదో తెలుసుకోవడానికి టెస్ట్ మెయిల్ పంపే ఆప్షన్ ఒకటుంది, దాన్ని ఆన్ చేసి బావగారి ఫోన్ మోగేదాకా అక్కడే కూర్చున్నాను. ఇవన్నీ చేసినా చెప్పాపెట్టకుండా పోయే డిస్కులుంటాయి. వేల డిస్కులు నడిపే ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం, పోయిన వాటిలో 23.3 శాతం డిస్కుల్లో వాళ్లు కనిపెట్టి చూసే ఐదు రీడింగుల్లో ఒక్కటీ సున్నా దాటలేదు. అందుకని బయటి డిస్కు బ్యాకప్‌ను నెలకోసారికి తెచ్చాం, అక్క ఫోన్లో రిమైండర్ పెట్టుకుంది. ఈ విషయంలో బావగారి కన్నా ఆవిడ మీదే నాకు నమ్మకం.

లాగేసిన డిస్కును ఇంటికి తెచ్చి, కుతూహలం కొద్దీ నా టేబుల్ మీద మెషీన్‌కు తగిలించి మొత్తం సున్నాలు రాయించాను. సగం దాటేసరికి రీఎలోకేటెడ్ 1,096. పైన ఓవరాల్ హెల్త్ లైనులో ఇంకా పాస్‌డ్ అనే ఉంది. "ఏవైనా సినిమాలు వేసుకోవడానికి పనికిరాదా?" అని బావగారు అడిగారు. ఇవ్వలేదు.

ఎస్‌డీసీ అని మొదట్లో అందరం తిట్టిపోసిన డిస్కు మాత్రం ఇప్పటికీ ఆ పూల్‌లోనే తిరుగుతోంది. రేపెవరైనా ఆ అంకె చూసి మళ్లీ టెన్షన్ పడకుండా, దాని ట్రే మీద మార్కర్‌తో "సీఆర్‌సీ 1,482, పాత కేబుల్ తాలూకు" అని రాసి, కింద తేదీ వేశాను.